ఏడుకొండల చెట్లు - వాటి ఆనవాళ్ళు

మీలో చాలామంది తిరుపతి వెళ్ళి ఉంటారు. కొందరు బస్సులో కొండ ఎక్కి ఉంటారు. కొందరు "గోవిందా! గోవిందా!" అంటూ అలిపిరి మెట్లదారిన నడిచి ఉంటారు. నడిచినవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను. ఆ దారిలో మెట్లెన్ని? "సుమారు 3,550" అని ఠక్కున చెప్పేస్తారు. కోతులెన్ని? "బోలెడు!" అంటారు. మరి చెట్లో? "అవీ బోలెడే!" సరే, ఏమేమి చెట్లు? ఇక్కడికి వచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరకు ఎవరో ఒకరు, "ఏవో అడవిచెట్లు" అంటారు.

ఆ "ఏవో అడవిచెట్ల"లో కొన్ని ఎలాంటివో ఎరుగుదురా? అవి సహజంగా పెరిగేది ఈ భూమిమీద ఈ కొండల్లోనూ, వీటి చుట్టుపట్ల కొండల్లోనూ మాత్రమే. హిమాలయాల్లో వెతికినా కనపడవు. ఆఫ్రికా, అమెరికా అడవుల్లో వెతికినా కనపడవు. దూరదేశాల వృక్షశాస్త్రజ్ఞులు పుస్తకాల్లో బొమ్మలు చూసి తృప్తిపడే చెట్ల పక్కనుంచి మనం వేరుశనగకాయలు వొలుచుకుంటూ నడిచిపోతున్నామన్నమాట!

ఈ నెల మనం ఆ చెట్లను గుర్తుపట్టటం నేర్చుకుందాం. ఇవన్నీ మెట్ల అంచునే వరసగా నిలబడి ఉంటాయనుకోకండి. కొన్ని దారి పక్కన ఉండవచ్చు, కొన్ని లోయ అవతలి వాలు మీద ఉండవచ్చు, కొన్ని అడవి లోపల ఉంటాయి. కాని ఆనవాళ్ళు తెలిసినవాడికి దూరాన ఉన్న చెట్టు కూడా పలుకుతుంది.

ఈ కొండల్లోనే ఎందుకు?

తిరుమల శేషాచలం కొండల మీద ఉన్నది. ఇవి తూర్పు కనుమల్లో ఒక భాగం. తిరుమల ఊరు సముద్ర మట్టానికి ఇంచుమించు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. కొండ పైభాగంలో కనపడే ఆ నిట్టనిలువు రాతిగోడలు క్వార్ట్‌జైట్ అనే చాలా గట్టి రాయి. అది ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక. కోట్ల సంవత్సరాల కాలంలో అణిగి, గట్టిపడి రాయి అయింది. ఘాట్‌రోడ్డు పక్కన ఆ పొరలు ఇప్పటికీ స్పష్టంగా కనపడతాయి.

ఇలాంటి రాతిమీద మట్టి పలచగా ఉంటుంది. వాన పడితే నీరు నిలవకుండా జారిపోతుంది. వానలు కూడా ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకే. ఆ తరువాత నెలల తరబడి ఎండ. మామూలు చెట్లు ఇక్కడ బ్రతకటం కష్టం. ఈ కష్టానికి అలవాటుపడ్డ చెట్లు కొన్ని, వేల తరాలుగా ఇక్కడే ఉండిపోయాయి. చుట్టూ ఉన్న మైదానం వాటికి సముద్రం లాంటిది. ఈ కొండలు వాటికి దీవులు. దీవి దాటి పోలేదు గనక, మరెక్కడా లేవు.

నాలుగు ప్రశ్నలు

కొత్తచెట్టు ఎదురైతే, "నీ పేరేమిటి?" అని అడిగితే లాభంలేదు. ఈ నాలుగు ప్రశ్నలు వెయ్యండి. జవాబులు చెట్టే చెబుతుంది.

మొదటి ప్రశ్న ఆకును గురించి. ఆకులు కొమ్మమీద ఎదురెదురుగా జంటలుగా ఉన్నవా, లేక అటొకటి ఇటొకటిగా ఉన్నవా? ఒక కాడకు ఒకే ఆకా, లేక వేపరెమ్మలో లాగా చాలా చిన్నాకులా? ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వేపరెమ్మలో ఏది ఆకు? మనం ఒక్కొక్క ఆకు అనుకునేది నిజానికి చిన్నాకు. ఆ కాడంతా కలిసి ఒకే ఆకు! ఎలా తెలుస్తుందంటే, ఆకు కాడ కొమ్మకు అతుక్కునే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. చిన్నాకు మూలలో మొగ్గ ఉండదు. మీ పెరటి వేపచెట్టు మీద ఇవాళే చూడండి.

రెండవ ప్రశ్న బెరడును గురించి. నున్నగా ఉన్నదా, పగుళ్ళు పడ్డదా, కాగితంలా పొరలు లేస్తున్నదా? ఎండాకాలంలో ఆకులు రాలిపోయినప్పుడు మనకు మిగిలే ఆనవాలు బెరడే.

మూడవ ప్రశ్న కాయను గురించి. కాయకు రెక్కలున్నవా, గుజ్జు ఉన్నదా, ముళ్ళున్నవా? గింజను ఎవరు మోసుకుపోవాలని ఆ చెట్టు కోరుతున్నదో కాయను చూస్తే తెలిసిపోతుంది. రెక్కలుంటే గాలి, గుజ్జు ఉంటే పక్షి, ముళ్ళుంటే జంతువు.

నాలుగవ ప్రశ్న కాలాన్ని గురించి. ఇది ఏ నెల? కార్తీకంలో పచ్చగా కళకళలాడిన చెట్టే ఫాల్గుణంలో మోడై నిలబడుతుంది. ఒక్కసారి చూసి చెట్టును తెలుసుకున్నామనుకోవటం, నిద్రపోతున్న మనిషిని చూసి అతని గొంతు ఎలా ఉంటుందో చెప్పటం లాంటిది.

ఇక చెట్ల దగ్గరికి వెళదాం.

ఎర్రచందనం

దీని బెరడు నల్లగా, లోతుగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. మొసలి వీపు చూశారుగా, అచ్చంగా అలా ఉంటుంది. ఒక ఆకుకు సాధారణంగా మూడు చిన్నాకులు. అరుదుగా అయిదు. చిన్నాకు గుండ్రంగా ఉండి, కొసను ఎవరో గోటితో చిన్న నొక్కు నొక్కినట్టు ఉంటుంది. ఎండాకాలంలో పసుపుపచ్చని చిన్న పూలు పూస్తుంది. కాయ బహు తమాషాగా ఉంటుంది. మధ్య గింజ, చుట్టూ పలచని గుండ్రని రెక్క. అప్పడం నడుమ బఠాణీ పెట్టినట్టు! గాలి వస్తే ఎగురుతూ పోతుంది.

దీని పేరులో చందనం ఉన్నదిగాని వాసన లేదు. ఉన్నదల్లా రంగే. కాండం లోపలి గట్టి భాగాన్ని చేవ అంటారు. ఈ చెట్టు చేవ ముదురు ఎరుపు. నీళ్ళలో వేస్తే తేలకుండా మునిగిపోయేటంత బరువు. తిరుపతిలో అమ్మే ఎర్రకొయ్య బొమ్మలు దీనితో చేసినవే. కాని ఈ చేవ ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది. పలచని మట్టిలో, కొద్ది నీటితో చెట్టు మెల్లమెల్లగా పెరుగుతుంది.

ఈ చెట్టుకు ఇదే అడవిలో ఒక దాయాది ఉన్నది. దాని పేరు వేగిస. వేగిసకూ అలాంటి రెక్కకాయే. దాని బెరడు గాయపడినా ఎర్రని బంకే కారుతుంది. అందుచేత చాలామంది మోసపోతారు. కాని మన మొదటి ప్రశ్న వేసి చూడండి. వేగిస ఆకుకు అయిదు నుంచి ఏడు చిన్నాకులు. అవి గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. బెరడుకు మొసలి పలకలు లేవు. అన్నదమ్ములు ఒకే పోలికగా ఉన్నా తల్లి గుర్తుపట్టదూ? అలాగే.

పేరిత

కొండవాలు మీద, బండల నడుమ చిన్న ఈతచెట్టు లాంటిది కనపడితే ఆగండి. అది నిజంగా ఈతచెట్టేనా?

ఈత ఆకులోని ఒక్కొక్క రేకూ నడుమకు మడిచిన దోనెలాగా ఉంటుంది. పేరిత రేకు అలా మడిచి ఉండదు. దానికి నడుమ ఒకే ఒక ఈనె ఉంటుంది, అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. ఈతచెట్టుకు గెలలు వేలాడుతాయి. పేరితకు గెల లేదు, పువ్వు కూడా లేదు! మగ పేరితకు తల నడుమ పెద్ద మొక్కజొన్న కండె లాంటిది నిలబడుతుంది. దాన్ని శంకువు అంటారు. గింజలు ఆడ పేరితకు కాస్తాయి. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు.

పువ్వు లేని చెట్టేమిటి అంటారా? ఇది పూలు పుట్టకముందటి కాలపు చెట్ల వంశానిది. భూమిమీద రాక్షసబల్లులు తిరగటానికి పూర్వమే ఈ వంశం ఉన్నది. ఆ బల్లులు వచ్చినవి, పోయినవి. పేరిత వంశం మటుకు నిలిచింది. అడవిలో నిప్పంటుకున్నా, కాండాన్ని కవచంలా కప్పి ఉండే పాత ఆకుమట్టలు దీన్ని చాలావరకు కాపాడుతాయి.

దీని శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమి. మద్రాసు రాజధానిలో అటవీశాఖాధికారిగా పనిచేసిన కర్నల్ బెడ్డోమ్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. నిప్పును గెలిచిన ఈ చెట్టు మనిషిని గెలవలేకపోతున్నది. మందుల కోసమని మగ శంకువులను కోసి అమ్ముతారు. శంకువు పోతే పుప్పొడి లేదు. పుప్పొడి లేకపోతే ఆడచెట్టుకు గింజ లేదు. గింజ లేకపోతే పిల్లచెట్టు లేదు.

మొగి

ఇది నేరేడుకు చుట్టం. నేరేడులాగే దీని పండు కూడా తినేదే. మరి నేరేడును, మొగిని వేరు చెయ్యటం ఎలా? మళ్ళీ మొదటి ప్రశ్నే! నేరేడు ఆకులు కొమ్మమీద ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. మొగి ఆకులు ఎక్కువగా అటొకటి, ఇటొకటిగా ఉంటాయి. ఆశ్చర్యమేమిటంటే ఈ ఆనవాలు దాని శాస్త్రీయ నామంలోనే ఉన్నది. సైజీజియం ఆల్టర్నిఫోలియం అంటారు దాన్ని. లాటిన్ భాషలో ఆల్టర్నిఫోలియం అంటే "ఒకటి విడిచి ఒకటిగా ఆకులు గలది" అని అర్థం. శాస్త్రీయ నామాలు నోరు తిరగవని విసుక్కుంటాం గాని, కొన్ని పేర్లు విప్పి చూస్తే పొడుపుకథకు విడుపులాగా ఉంటాయి!

తెల్లకరక

కరక్కాయ మీ ఇంట్లో ఉంటుంది. దగ్గు వస్తే బామ్మ బుగ్గన పెట్టుకోమంటుంది, ఆ కాయే. ఆ కరక చెట్టుకు ఈ కొండల్లో ఉన్న చెల్లెలు తెల్లకరక. ఆకు వెలవెలబోయినట్టు లేతరంగుగా ఉంటుంది. దీని శాస్త్రీయ నామం టెర్మినాలియా పల్లిడా. పల్లిడా అంటే "పాలిపోయినది". తెలుగువాడూ అదే చూశాడు, లాటిన్ పేరు పెట్టినవాడూ అదే చూశాడు!

కొండసాంబ్రాణి

బెరడు కాగితపు పొరల్లాగా ఊడుతుంటుంది. ఆకులు కొమ్మల చివర గుబురుగా ఉంటాయి. ఒక్కొక్క ఆకుకు చాలా చిన్నాకులు. అవి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చి మోడుగా నిలబడుతుంది. బెరడుకు గాయమైతే బంక కారి గడ్డకడుతుంది. దాన్ని నిప్పుమీద వేస్తే సాంబ్రాణి వాసన వస్తుంది.

ఈ చెట్టును గురించి ఒక వింత చెబుతాను. ఏడుకొండలకు జనం వందల ఏళ్ళుగా నడిచి వెళుతున్నారు. కొండవాళ్ళు ఏనాటినుంచో దీని బంక తెచ్చి అమ్ముతున్నారు. కాని ఇది ప్రపంచంలో మరెక్కడా లేని ప్రత్యేకమైన జాతి అన్న సంగతి శాస్త్రగ్రంథాలకు ఎక్కింది ఎప్పుడో తెలుసా? 1961లో! బాలకృష్ణన్, హెన్రీ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని వర్ణించి, బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా అని పేరుపెట్టారు. కోడిగుడ్డు ఆకారపు చిన్నాకులు గలది అని ఆ పేరుకు అర్థం. అంతమంది కళ్ళముందు ఉన్న చెట్టు అంతకాలం దాగి ఉండగలిగింది. అది దాక్కోలేదు. సరిగా చూసినవారు లేరు, అంతే.

తంబ జాలారి

ఇది పెద్దవృక్షం. ఆకు మొదట్లో వెడల్పుగా ఉండి, కాడ దగ్గర లోపలికి నొక్కుకుని, కొసకు పోనుపోను సన్నమవుతుంది. దీని కాయను ఒకసారి చూస్తే మరిచిపోరు. కాయకు అయిదు రెక్కలు, వాటిలో మూడు పొడుగు, రెండు పొట్టి. కొమ్మనుంచి రాలినప్పుడు గిరగిరా తిరుగుతూ దిగుతుంది. తిరగటం వల్ల మెల్లగా దిగుతుంది. మెల్లగా దిగటం వల్ల గాలికి దాన్ని తల్లిచెట్టు నీడ దాటించే వ్యవధి దొరుకుతుంది.

దీని శాస్త్రీయ నామం షోరియా తంబుగ్గాయా. ఇందులో రెండవ మాట లాటిన్ కాదు, తెలుగు! సుమారు 230 సంవత్సరాల క్రితం విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు సామర్లకోటలో మొక్కల తోట వేసి, మన తీరంలోని మొక్కలను శ్రద్ధగా పరిశీలించాడు. మన దేశపు చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. చాలా మొక్కలకు స్థానికులు పలికే పేర్లనే శాస్త్రీయ నామాల్లో చేర్చాడు. అందుకే ఏ దేశంలో ఏ శాస్త్రజ్ఞుడు ఈ చెట్టును పిలిచినా తెలుగులోనే పిలవాలి.

బ్రతికించే చెల్లెలు, చంపే అక్క

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. ఆనవాలు పట్టటంలో తప్పితే ఎంత ప్రమాదమో ఈ అక్కాచెల్లెళ్ళను చూస్తే తెలుస్తుంది.

చిల్లచెట్టు, ముష్టిచెట్టు ఒకే కుటుంబానివి. రెండింటికీ ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి. రెండింటి ఆకుల్లోనూ మొదటినుంచే మూడు నుంచి అయిదు ఈనెలు బయలుదేరి కొసవైపు సాగుతాయి. ఆకు చూసి ఇదో అదో చెప్పటం పెద్దవాళ్ళకే కష్టం. కాయలు చూడాలి. చిల్లకాయ చిన్నది, పండితే నల్లబడుతుంది. ముష్టికాయ నిమ్మకాయకన్నా పెద్దదవుతుంది, పండితే నారింజరంగుకు వస్తుంది. లోపల బొత్తాల్లాంటి చదునైన గింజలుంటాయి.

చిల్లగింజను కుండ లోపలిగోడకు అరగదీసి బురదనీళ్ళు పోస్తే, మన్ను అడుక్కు దిగి నీరు తేటపడుతుంది. మన పూర్వులు వానాకాలం నీళ్ళను ఇలాగే తేర్చుకునేవారు. ముష్టిగింజలోనో, స్ట్రిక్నీన్ అనే ఘోరమైన విషం ఉన్నది. దానికి విషముష్టి అని పేరు రావటం ఊరికే కాదు.

అందుచేత ఒక నియమం రాసిపెట్టుకోండి. గుర్తుపట్టటానికి కళ్ళు వాడండి, నాలుక వాడకండి. ముద్దుగా ఎర్రగా, నల్లకన్నుతో ఉండే గురువిందగింజ కూడా నమిలితే ప్రాణం తీసే విషమే. పేరిత గింజలోనూ విషం ఉన్నది. తీగమీద బంగారురంగు నూగుతో కాయలు వేలాడుతుంటే ముట్టుకోకండి. అది దూలగొండి. ఒళ్ళంతా దురదపుట్టి గెంతులు వెయ్యవలసి వస్తుంది!

మనవాళ్ళెవరు, అతిథులెవరు?

ఇక ఒక చిన్న పరీక్ష. దేవగన్నేరు, సీతాఫలం, తురాయి, ఈ మూడింటిలో మన దేశపు చెట్టు ఏది?

దేవగన్నేరు గుడి ఆవరణల్లో ఉంటుంది, పేరులో దేవుడున్నాడు. సీతాఫలం పేరులో సాక్షాత్తు సీతమ్మే ఉన్నది. కాబట్టి ఆ రెండూ మనవే అంటారు కదూ? మూడూ మనవి కావు! దేవగన్నేరు, సీతాఫలం అమెరికా ఖండపు వేడిదేశాలనుంచి వచ్చాయి. ఎండాకాలంలో ఎర్రని గొడుగులాగా పూసే తురాయి మడగాస్కరు దీవినుంచి వచ్చింది. పేరును బట్టి ఊరు చెప్పలేము.

అతిథులు వచ్చినంతమాత్రాన తప్పులేదు. సీతాఫలం వచ్చి మనకు మంచి పండు ఇచ్చింది. కాని కొందరు అతిథులు అరుగుమీద కూర్చోవటానికి వచ్చి ఇల్లంతా ఆక్రమిస్తారు. లాంటానా అలాంటిది. పసుపు, గులాబీ రంగుల చిన్నపూలు ఒకే గుత్తిలో ఉండే ముళ్ళపొద మీరంతా చూసే ఉంటారు. ఆకు నలిపితే ఘాటైన వాసన. ఇదీ అమెరికా ఖండానిదే. అలంకారం కోసమని తోటల్లోకి తెచ్చారు. పక్షులు పండ్లు తిని గింజలను అడవుల్లో విడిచాయి. ఇప్పుడు అది దేశంలో అనేక అడవుల్లో గుబుర్లుగా అల్లుకుపోయి, కింద మొలిచే లేతమొక్కలకు వెలుతురు అందకుండా చేస్తున్నది. దారి పక్కన పచ్చగా ఉన్నదంతా అడవి క్షేమంగా ఉన్నట్టు గుర్తుకాదు. ఆ పచ్చదనం ఎవరిదో చూడాలి. ఆనవాళ్ళు తెలిసినవాడికే ఆ తేడా కనపడుతుంది.

పేరు తెలిస్తే ఏమిటి లాభం?

"చెట్టు పేరు తెలిసినంతమాత్రాన ఏమొస్తుంది?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే.

మీ తరగతిలో నలభైమంది ఉన్నారనుకోండి. పంతులుగారికి పేర్లు తెలియకపోతే, ఒకడు బడి మానేసినా ఆయనకు తెలియదు. "పిల్లలు చాలామంది ఉన్నారుగదా" అనుకుంటారు. పేర్లు తెలిస్తే హాజరు పిలవగానే ఖాళీ తెలుస్తుంది. అడవిలోనూ అంతే. "ఏవో అడవిచెట్లు" అనుకునేవాడికి, అందులోంచి ఒక జాతి మొత్తం పోయినా ఖాళీ కనపడదు.

ఈ కొండల్లో అలాంటి ఖాళీలు పడుతున్నాయి. ఎర్రచందనాన్ని దొంగలు నరికి దూరదేశాలకు తరలిస్తున్నారు. బంక త్వరగా కారాలని కొండసాంబ్రాణి కాండానికి లోతుగా గాట్లు పెడితే, చెట్టు ఎండిపోతుంది. వీటిని కాపాడటానికి ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. 1989లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. 2010లో శేషాచలం ప్రాంతంలో 4,756 చదరపు కిలోమీటర్లను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ప్రపంచదేశాలు అరుదైన మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చెయ్యటానికి చేసుకున్న ఒప్పందంలో ఎర్రచందనాన్ని 1995లో చేర్చారు. పేరితకైతే ఆ ఒప్పందంలోకెల్లా కట్టుదిట్టమైన మొదటి జాబితాలో చోటిచ్చారు.

కాని ఒక మాట ఆలోచించండి. జాబితాలో పేరు ఎక్కాలంటే ముందు ఆ చెట్టుకు పేరు ఉండాలి. ఎవరో ఒకరు ఆగి, ఆకు ఎదురెదురుగా ఉన్నదా, ఒకటి విడిచి ఒకటిగా ఉన్నదా అని చూసి ఉండాలి. కాపలా అంతా అక్కడే మొదలవుతుంది.

కొండదారిలో మర్యాదలు

మీరు ఈసారి మెట్లదారిన వెళితే ఇవి పాటించండి.

పెద్దవాళ్ళతో, గుంపుతో, నడకకు అనుమతి ఉన్న వేళల్లోనే వెళ్ళండి. చెట్టు చూద్దామని దారి దిగి అడవిలోకి పోకండి. ఈ అడవిలో చిరుతపులులున్నాయి. 2023లో ఈ నడకదారిలోనే అవి పిల్లలమీద పడ్డాయి. మెట్లమీద నిలబడి చూసేదే మనకు చాలు.

ఆకు కొయ్యకండి, బెరడు గీకకండి, కాయలు ఏరి సంచిలో వేసుకోకండి. కింద రాలిన ఆకు అయినా సరే, చూసి అక్కడే ఉంచండి. అది మట్టిలో కలిసి ఆ పలచని నేలకు బలం ఇవ్వాలి.

ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసుకువెళ్ళండి. ఒక్కొక్క చెట్టుకు ఒక పుట. ఆకు బొమ్మ వెయ్యండి. బొమ్మ అందంగా రాకపోయినా ఫరవాలేదు, చిన్నాకుల లెక్క మటుకు తప్పకూడదు. బెరడు ఎలా ఉన్నదో నాలుగు మాటలు రాయండి. నెల, తేదీ వెయ్యండి. పేరు తెలియకపోతే పుట పైన చోటు వదిలిపెట్టండి. తెలిసిన పెద్దవాళ్ళు ఎదురైతే అడగండి. చెట్ల పేర్లు బడి పంతులుగారికన్నా మేకలు కాసే తాతకు ఎక్కువ తెలిసి ఉండవచ్చు.

తిరుపతి దూరమైనవాళ్ళు విచారపడనక్కరలేదు. మీ ఊళ్ళోనూ ఒక గుట్టో, దిబ్బో, చెరువుగట్టో ఉంటుంది. నాలుగు ప్రశ్నలు అక్కడా పనిచేస్తాయి.

ఈ నెల పని

ఒక కాగితం తీసుకుని జానెడు పొడుగు, రెండువేళ్ళ వెడల్పు ముక్క కత్తిరించండి. పైసగం నిలువునా రెండుగా చీల్చి, ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు వంచండి. అవి రెక్కలు. అడుగున కొంచెం మట్టిముద్ద అంటించండి. అది గింజ. బల్లమీద నిలబడి వదలండి. గిరగిరా తిరుగుతూ దిగుతుంది. ఇప్పుడు రెక్కలు కత్తిరించి మళ్ళీ వదలండి. రెండుసార్లూ ఎంతసేపు పట్టిందో అంకెలు లెక్కపెట్టండి. తంబ జాలారి తన గింజకు రెక్కలెందుకు ఇచ్చిందో ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది.

ఇక ఒక పొడుపు. ఒక చెట్టు ఉన్నది. ఆకుకు మూడే చిన్నాకులు, ఒక్కొక్కటి అరచెయ్యికన్నా పెద్దది. వాటితో విస్తళ్ళు కుడతారు. ఎండాకాలం వచ్చేముందు ఆకులన్నీ రాలిపోయి, చెట్టంతా చిలకముక్కుల్లాంటి ఎర్రని పూలతో నిప్పంటుకున్నట్టు కనపడుతుంది. ఆ చెట్టు మనదే, అతిథి కాదు. పేరేమిటి?

జవాబు వచ్చే నెల చెబుతాను. కాని అంతవరకూ ఆగటమెందుకు? బయటికి వెళ్ళి చూడండి!